స్లే ద స్పైర్: మొదటి పదహారు అంతస్తుల లెక్క

స్లే ద స్పైర్‌లో కొత్తవాళ్లు చాలామంది రెండో యాక్ట్‌లో, అంటే ఆట రెండో భాగంలో, చచ్చిపోతారు. చంపేది మూడు పక్షులు కావచ్చు, ముగ్గురు స్లేవర్లు కావచ్చు, పొడిచి పొడిచి చంపే పుస్తకం కావచ్చు. తప్పు మాత్రం మొదటి యాక్ట్‌లోనే, ఏ నాలుగో అంతస్తులోనో తీసుకున్న కార్డుతోనో వదిలేసిన కార్డుతోనో జరిగిపోయి ఉంటుంది. అందుకే ఈ పోస్టు దాదాపు అంతా మొదటి యాక్ట్ మీదే. ఐరన్‌క్లాడ్ అనే పాత్రతో, అసెన్షన్ (ఆటని కష్టం చేసే అదనపు మెట్లు) లేని మామూలు ఆట అంకెలతో చెబుతున్నాను. అసెన్షన్ ఎక్కేకొద్దీ శత్రువుల దెబ్బలూ హెచ్‌పీ (ప్రాణం) కొంచెం కొంచెం పెరుగుతాయి గానీ లెక్క కట్టే తీరు అదే.

ఆట తెలియనివాళ్లకు నాలుగు మాటలు. సియాటిల్‌లోని మెగా క్రిట్ అనే చిన్న స్టూడియోలో ఆంథనీ జియోవనెట్టి, కేసీ యానో కలిసి చేసిన ఆట ఇది. 2017 నవంబరులో ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చింది, 2019 జనవరిలో పూర్తిగా విడుదలైంది. 2020లో ఐఫోన్‌కి, 2021లో ఆండ్రాయిడ్‌కి కూడా వచ్చింది. వైకుంఠపాళిలా కింది నుంచి పైకి ఎక్కడమే పని. కాకపోతే పాచికలుండవు, ఏ గడిలో కాలు పెట్టాలో మీరే చూసుకుంటారు. యుద్ధాలన్నీ పేక ముక్కలతోనే. గెలిచిన ప్రతిసారీ మూడు కార్డులు చూపిస్తుంది. ఒకటి తీసుకోవచ్చు, మూడూ వదిలేయనూ వచ్చు. చస్తే మళ్లీ మొదటి మెట్టు.

ఐరన్‌క్లాడ్ 80 హెచ్‌పీ, 99 గోల్డ్, పది కార్డులతో దిగుతాడు. ఐదు స్ట్రైక్‌లు, నాలుగు డిఫెండ్‌లు, ఒక బాష్. టర్న్‌కి ఐదు కార్డులు చేతికొస్తాయి, ఖర్చుకి 3 ఎనర్జీ. స్ట్రైక్ 1 ఎనర్జీకి 6 డ్యామేజ్, డిఫెండ్ 1 ఎనర్జీకి 5 బ్లాక్, అంటే అంత దెబ్బని అడ్డుకుంటుంది. బాష్ 2 ఎనర్జీకి 8 డ్యామేజ్, దాంతోపాటు శత్రువుకి 2 వల్నరబుల్ (రెండు టర్న్‌లు ఉండేది) తగిలిస్తుంది. వల్నరబుల్ ఉన్నవాడికి ప్రతి అటాక్ దెబ్బా ఒకటిన్నర రెట్లు తగులుతుంది, అంటే 6 కొట్టే స్ట్రైక్ 9 కొడుతుంది. బాష్ ముందు వేసి తర్వాత స్ట్రైక్ వేస్తే 8, 9 కలిపి 17. వరస తిప్పేస్తే 14. అవే రెండు ముక్కలు, అదే ఎనర్జీ, 3 డ్యామేజ్ తేడా. భిన్నాలు వస్తే ఆట ఎప్పుడూ కిందికే సరిచేస్తుంది, అదీ ఒక్కో దెబ్బకి విడివిడిగా. వీక్ తగిలినప్పుడు దెబ్బ పావు వంతు తగ్గాలి, కాబట్టి 6 కొట్టే స్ట్రైక్‌కి 4.5 రావాలి, కానీ 4 మాత్రమే కొడుతుంది.

ఇక డెక్ తిరిగే లెక్క. పది కార్డులుంటే రెండు టర్న్‌లలో కట్ట మొత్తం ఒకసారి చేతిలోంచి పోతుంది. పదిహేనైతే మూడు, ఇరవై ఐదైతే ఐదు టర్న్‌లు పడుతుంది. మొదటి యాక్ట్‌లో మామూలు యుద్ధం మూడు నాలుగు టర్న్‌లలో తేలిపోతుంది. ఇరవై ఐదు కార్డుల డెక్‌లో మీకెంతో ఇష్టమైన ఒక్క కార్డు మొదటి టర్న్‌లో చేతికి రావడానికి ఐదింట ఒక వంతే అవకాశం. రమ్మీలో అక్కర్లేని ముక్క కింద పడేస్తే దాని పీడ విరగడవుతుంది. ఇక్కడ తీసుకున్న ముక్కని వదిలించుకోవాలంటే షాపుకెళ్లి 75 గోల్డ్ కట్టాలి. రెండోసారి 100, మూడోసారి 125, అలా పెరుగుతూనే ఉంటుంది.

ఇది విన్నవాళ్లు వెంటనే చేసే తప్పు ఇంకోటుంది. డెక్ సన్నగా ఉండాలట కదా అని మొదటి నాలుగు యుద్ధాల్లో వచ్చిన కార్డులన్నీ వదిలేస్తారు. ఆరో అంతస్తులో నాబ్ ఎదురైతే చేతిలో స్ట్రైక్‌లూ డిఫెండ్‌లే ఉంటాయి. సన్న డెక్ అనేది మూడో యాక్ట్ మాట. మొదటి ఐదు అంతస్తుల్లో మీ డెక్‌కి ఉన్న జబ్బు లావు కాదు, నీరసం. కాబట్టి కార్డు చూపించినప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇంకో మూడు నాలుగు గదుల్లో నన్ను చంపడానికి కూర్చున్నవాడి మీద ఇది పనిచేస్తుందా? బారికేడ్, డెమన్ ఫామ్ లాంటి పెద్ద పేర్లు చూసి ముచ్చటపడి, అప్పటికి లేని డెక్ కోసం కార్డులు ఏరుకుంటే, ఆ డెక్ తయారయ్యేదాకా బతకడం కష్టం.

మొదటి యాక్ట్‌లో ఎలైట్లు (మామూలువాళ్ల కంటే గట్టి శత్రువులు) మూడే రకాలు: గ్రెమ్లిన్ నాబ్, లాగవులిన్, సెంట్రీలు. ఏది వస్తుందో ముందు తెలియదు, కాబట్టి మూడింటికీ సిద్ధంగా వెళ్లాలి. ముగ్గురిలోనూ లెక్క అర్థమైతే ఆట అర్థమయ్యేది నాబ్ దగ్గరే. అందుకని అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

నాబ్ హెచ్‌పీ 82 నుంచి 86 మధ్య ఉంటుంది. మొదటి టర్న్‌లో కొట్టడు, గట్టిగా ఒక అరుపు అరుస్తాడు. ఆ అరుపుతో ఎన్‌రేజ్ వస్తుంది. అక్కణ్ణుంచి మీరు స్కిల్ కార్డు (అటాక్, పవర్ కాని మామూలు కార్డు) వేసిన ప్రతిసారీ వాడి స్ట్రెంగ్త్ 2 పెరుగుతుంది, అంటే ప్రతి దెబ్బకీ 2 కలుస్తుంది. డిఫెండ్ కూడా స్కిల్లే, మర్చిపోవద్దు. తర్వాత వాడు 14 కొట్టే రష్ గానీ, 6 కొట్టి మీకు 2 వల్నరబుల్ తగిలించే స్కల్ బాష్ గానీ వేస్తాడు.

మొదట ఇచ్చిన పది కార్డులతోనే, ముక్కలు బాగా పడ్డాయనుకుని చూడండి. మొదటి టర్న్ చేతిలో బాష్, రెండు స్ట్రైక్‌లు, రెండు డిఫెండ్‌లు. బాష్ వేసి స్ట్రైక్ వేస్తే 17. నాబ్ అరుస్తాడు. రెండో టర్న్‌లో మిగతా ఐదు కార్డులు వస్తాయి: మూడు స్ట్రైక్‌లు, రెండు డిఫెండ్‌లు. వల్నరబుల్ ఇంకా ఉంది కాబట్టి మూడు తొమ్ముల ఇరవై ఏడు. మొత్తం 44. నాబ్ రష్ వేస్తే 14 తగులుతుంది. మూడో టర్న్‌కి కట్ట కలిసి మళ్లీ బాష్ పడితే ఇంకో 17, మొత్తం 61. ఇంకో రష్, ఇంకో 14. నాలుగో టర్న్‌లో 27 కొడితే 88, నాబ్ ఖతం. అంటే అదృష్టం పూర్తిగా మీవైపున్నా 28 హెచ్‌పీ పోతుంది. ముక్కలు అడ్డంగా పడి బాష్ ఆలస్యమైతే ఇంకో రెండు టర్న్‌లు, ఇంకో 28 పైన.

ఇందులో డిఫెండ్ వేస్తే ఏమవుతుంది? 5 బ్లాక్ వస్తుంది, కానీ వాడి దెబ్బ అప్పటికప్పుడే 2 పెరుగుతుంది. ఆ టర్న్‌లో మీకు నికరంగా మిగిలింది 3. తర్వాతి ప్రతి దెబ్బకీ అదే 2 అదనంగా తగులుతూ ఉంటుంది, మీకు వల్నరబుల్ ఉంటే అది 3. ఇంకో రెండు దెబ్బలు తినాల్సి ఉంటే లాభమంతా పోయి నష్టంలో పడ్డట్టే. దీనికి తోడు ఆ ఒక్క ఎనర్జీతో వేయాల్సిన స్ట్రైక్ పోయింది, అంటే వాడు బతికే కాలం పెరిగింది. నాబ్‌తో యుద్ధంలో డిఫెండ్ ఎప్పుడు వేయాలంటే, ఈ టర్న్‌లో వేయకపోతే చస్తాం, వచ్చే టర్న్‌లో వాణ్ణి చంపేస్తాం అన్నప్పుడే.

అలా చూస్తే ముందు ఐదు అంతస్తుల్లో ఏ కార్డులు తీసుకోవాలో నాబే చెబుతాడు. యాంగర్ ఎనర్జీ అడగకుండా 6 కొడుతుంది, పైగా తనలాంటిదే ఇంకోటి డిస్కార్డ్ పైల్‌లో (వాడేసిన ముక్కల కుప్పలో) వేస్తుంది. పామెల్ స్ట్రైక్ 9 కొట్టి ఇంకో కార్డు తెస్తుంది. కార్నేజ్ 2 ఎనర్జీకి 20, వల్నరబుల్ మీద 30. హెమోకైనెసిస్ మీ హెచ్‌పీ 2 తీసుకుని 15 కొడుతుంది. ఇలాంటివి మూడు డెక్‌లో ఉంటే నాబ్ మూడో టర్న్‌కి పడిపోయే అవకాశం బాగా పెరుగుతుంది. ష్రగ్ ఇట్ ఆఫ్ ఆట మొత్తం మీద చూస్తే ఎంతో మంచి కార్డు, 8 బ్లాక్ ఇచ్చి ఒక కార్డు తెస్తుంది. కానీ మొదటి రెండు ఎంపికల్లోనే అదొచ్చి, పక్కన పామెల్ స్ట్రైక్ ఉంటే నేను అటాక్ వైపే చెయ్యి చాస్తాను. వేయక తప్పని స్కిల్ ఏదైనా ఉంటే, డిజార్మ్ లాంటిది, వాడు అరవకముందు మొదటి టర్న్‌లోనే వేసేయాలి. అప్పుడు ఎన్‌రేజ్ ఉండదు.

లాగవులిన్ దీనికి పూర్తిగా తిరగబడిన కేసు. 109 నుంచి 111 హెచ్‌పీ, మీరు వెళ్లేసరికి గుర్రుపెట్టి నిద్రపోతుంటుంది. కదిలించకపోతే మూడు టర్న్‌లు పడుకునే ఉంటుంది, నిద్రలో టర్న్‌కి 8 బ్లాక్ వేసుకుంటుంది. లేచాక 18, 18 రెండు దెబ్బలు, ఆ తర్వాత మీ స్ట్రెంగ్త్‌లోంచి 1, బ్లాక్‌కి కలిసే డెక్స్‌టెరిటీలోంచి 1 లాగేస్తుంది. మళ్లీ అదే వరస. ఆ లాగుడు యుద్ధం అయ్యేదాకా తిరిగిరాదు, కాబట్టి సాగదీస్తే మీరే చిక్కిపోతారు. ఇన్‌ఫ్లేమ్ లాంటి పవర్ కార్డు (ఒకసారి వేస్తే యుద్ధమంతా పనిచేసేది) ఉంటే నిద్రపోతున్నప్పుడు వేసుకోండి, మూడో టర్న్‌లో బాష్ వేయండి. పవర్లేమీ లేకపోతే ఊరికే ఎదురుచూసి లాభం లేదు, మంచి చెయ్యి పడ్డ టర్న్‌లోనే లేపేయండి. బ్లాక్ దాటి దెబ్బ తగిలితే అది ఆ టర్న్‌లో దిమ్మెరపోయి ఏమీ చేయలేదు, అదొక లాభం.

సెంట్రీలు మూడు, ఒక్కోదానికి 38 నుంచి 42. పక్కనున్న రెండూ మొదటి టర్న్‌లో మీ డెక్‌లోకి రెండేసి డేజ్డ్ కార్డులు (చేతిలో చోటు తినడమే తప్ప వేయడానికి వీల్లేనివి) తోస్తాయి, మధ్యది 9 కొడుతుంది. రెండో టర్న్‌లో పాత్రలు మారతాయి: పక్కవి రెండూ కలిపి 18 కొడతాయి, మధ్యది డేజ్డ్ తోస్తుంది. అందుకే ముందు పక్కదాన్నే చంపాలి, ఎడమైనా కుడైనా సరే. అప్పుడు మిగిలిన రెండూ వంతులేసుకుని టర్న్‌కి ఒక్కటే కొడుతుంది, 9కి మించదు. ముందు మధ్యదాన్ని చంపితే మాత్రం ఒక టర్న్ ఖాళీ, ఒక టర్న్ 18, పైగా నాలుగు డేజ్డ్‌లు ఒక్కసారే పడతాయి. ఇంకో ఇబ్బంది, ప్రతిదానికీ ఒక ఆర్టిఫాక్ట్ ఉంటుంది. మీ మొదటి వల్నరబుల్‌ని అది మింగేస్తుంది. బాష్‌తో ఇక్కడ 8 డ్యామేజ్ తప్ప ఇంకేం ఆశించొద్దు. 1 ఎనర్జీకి అందరికీ 8 కొట్టే క్లీవ్ ఉంటే ఈ యుద్ధం సగం తేలిక.

దారి ఎంచుకోవడం

మొదటి మూడు యాక్ట్‌లలోనూ పదిహేనేసి అంతస్తులు, పైన బాస్. మొదటి అంతస్తు ఎప్పుడూ యుద్ధమే. తొమ్మిదో అంతస్తులో పెట్టె, పదిహేనులో మంట (ఆగి సేదతీరే గది), ఇవి మారవు. ఆరో అంతస్తు కంటే ముందు ఎలైట్ గానీ మంట గానీ రాదు. అందుకే మ్యాప్ తెరవగానే పైనుంచి కిందికి చూడటం అలవాటు చేసుకోండి. ఎలైట్లు ఎక్కడున్నాయి, వాటి ముందు మంట ఉందా, ఎలైట్ పక్కనుంచి తప్పుకునే చీలిక ఉందా చూసి, అక్కణ్ణుంచి కిందికి దారి కలుపుకోవాలి. తప్పుకునే చీలిక చాలా విలువైనది. ఐదో అంతస్తుకి వచ్చేసరికి కార్డులు ఏడిపిస్తే పక్కకి జరగొచ్చు.

మొదటి యాక్ట్‌లో తొలి మూడు యుద్ధాలు తేలిక గుంపులోంచి వస్తాయి: కల్టిస్ట్, జా వర్మ్, రెండు లౌస్‌లు, చిన్న స్లైమ్‌లు. నాలుగోదాని నుంచి గట్టివాళ్లు మొదలవుతారు. కాబట్టి కింది ఐదు అంతస్తుల్లో కనీసం మూడు యుద్ధాలు ఉండే దారి పట్టండి. మూడు తేలిక యుద్ధాలంటే తొమ్మిది కార్డులు చూసే అవకాశం, 30 నుంచి 60 గోల్డ్. ప్రశ్నార్థకం గదులు (లోపల ఏముందో ముందు తెలియనివి) ఊరించినా అవి కార్డులిస్తాయన్న భరోసా లేదు. ఎలైట్‌ని చంపితే రెలిక్‌తో (ఆట చివరిదాకా మీతో ఉండి సాయం చేసే వస్తువు) పాటు 25 నుంచి 35 గోల్డ్ వస్తుంది. మొదటి యాక్ట్‌లో రెండు ఎలైట్లు నా లెక్కలో కనీసం. భయపడి ఒక్కదాన్నీ కొట్టకుండా బాస్ దాకా పోవచ్చు గానీ, రెలిక్‌లు లేకుండా రెండో యాక్ట్‌లో అడుగుపెట్టడం వాన కాలంలో గొడుగు లేకుండా బయల్దేరడమే.

మంట దగ్గర రెండు పనుల్లో ఒకటే చేయొచ్చు: పడుకుంటే హెచ్‌పీ 30 శాతం వస్తుంది, ఐరన్‌క్లాడ్‌కి అది 24. లేదా ఒక కార్డుని అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు. వీడికి ప్రతి యుద్ధం గెలిచాక బర్నింగ్ బ్లడ్ రెలిక్ 6 హెచ్‌పీ ఇస్తూనే ఉంటుంది, నాలుగు యుద్ధాలకి ఒక నిద్ర ఊరికే వచ్చినట్టు. అలాంటివాడితో మంట కనబడ్డ ప్రతిసారీ పడుకుంటే ఆ రెలిక్‌ని వాడుకోనట్టే. మొదటి అప్‌గ్రేడ్ దాదాపు ఎప్పుడూ బాష్‌కే: డ్యామేజ్ 10 అవుతుంది, వల్నరబుల్ 3 అవుతుంది. వేసిన టర్న్ కాక మరో రెండు టర్న్‌లు పూర్తిగా ఉంటుంది కాబట్టి డెక్‌లోని ప్రతి అటాక్‌కీ అప్‌గ్రేడ్ పడ్డట్టే లెక్క.

పోషన్లకి మూడు గూళ్లు. యుద్ధం తర్వాత పోషన్ పడే అవకాశం 40 శాతంతో మొదలై, పడితే 10 తగ్గుతుంది, పడకపోతే 10 పెరుగుతుంది. మూడు గూళ్లూ నిండి ఉంటే కొత్తది తీసుకోవాలంటే పాతదొకటి పారబోయాలి. చచ్చినప్పుడు గూళ్లలో రెండు పోషన్లు మిగిలి ఉన్నాయంటే అది ముక్కల తప్పు కాదు. ఫైర్ పోషన్ 20 డ్యామేజ్, అంటే నాబ్‌లో నాలుగో వంతు. ఫియర్ పోషన్ ఎనర్జీ తీసుకోకుండా 3 వల్నరబుల్. వీటిని ఎలైట్ల మీద పోసేయండి. బాస్‌కని దాచుకోవడంలో అర్థముంది గానీ, దాచుకుని ఎలైట్ దగ్గర 30 హెచ్‌పీ పోగొట్టుకోవడంలో లేదు.

షాపులో మొదట చూడాల్సింది రెలిక్‌లు, ఆ తర్వాత ఒక స్ట్రైక్‌ని తీసేయించడం. డిఫెండ్ కంటే స్ట్రైక్ ముందు పోవాలి, ఎందుకంటే మంచి అటాక్‌లు దొరికాక స్ట్రైక్ చేతిలో చోటు తినడం తప్ప చేసేదేమీ ఉండదు. మొదటి నాలుగైదు అంతస్తుల్లోనే షాపు తగిలితే మాత్రం చేతిలో డబ్బుండదు, వెళ్లినా ఒక గది వృథా.

పైన కూర్చున్నవాడు

మొదటి యాక్ట్ బాస్ ఎవరో మ్యాప్ పైనే బొమ్మ వేసి ఉంటుంది. చాలామంది దాన్ని పదిహేనో అంతస్తుకి వచ్చాక చూస్తారు. ఒకటో అంతస్తులోనే చూడాలి.

హెక్సాగోస్ట్ హెచ్‌పీ 250. మొదటి టర్న్‌లో ఊరికే వెలుగుతుంది. రెండో టర్న్‌లో డివైడర్ వేస్తుంది, ఆరు దెబ్బలు. ఒక్కో దెబ్బ ఎంతనేది మీ హెచ్‌పీ మీద ఆధారపడుతుంది: మీ హెచ్‌పీని 12తో భాగించి, శేషం వదిలేసి, 1 కలపాలి. 80 హెచ్‌పీ ఉంటే భాగఫలం 6, ఒకటి కలిపితే 7, ఆరు ఏళ్లు 42. ఈ సూత్రంలో రెండు సంగతులున్నాయి.

ఒకటి, పదిహేనో అంతస్తులో మంట దగ్గర పడుకోవాలా వద్దా అన్నది. మీకు 50 హెచ్‌పీ ఉందనుకోండి. పడుకోకుండా వెళ్తే డివైడర్ 30 కొడుతుంది, 20 మిగులుతుంది. పడుకుని 74తో వెళ్తే 42 కొడుతుంది, 32 మిగులుతుంది. 24 కోసం నిద్రపోతే దక్కింది 12. మిగతా సగం దెయ్యమే తినేసింది. ఆ సగానికి అప్‌గ్రేడ్ వదులుకోవడం చాలాసార్లు గిట్టుబాటు కాదు.

రెండోది అంచుల విషయం. 72 ఉంటే 42 కొడుతుంది, 71 ఉంటే 36. ఒక్క హెచ్‌పీ తక్కువుంటే 6 డ్యామేజ్ ఆదా! లెక్క కట్టేది మొదటి టర్న్ చివర్లో కాబట్టి, సరిగ్గా 72తోనో 73తోనో లోపలికి వెళ్లినప్పుడు మొదటి టర్న్‌లో హెమోకైనెసిస్ వేసి 2 పోగొట్టుకోవడం తెలివైన పని. వీక్ తగిలించగలిగితే ఇంకా మేలు. 7 దెబ్బ 5.25 అయి 5కి దిగుతుంది, మొత్తం 42 కాస్తా 30.

ఆ తర్వాత గడియారంతో పోటీ. తొమ్మిదో టర్న్‌లో ఇన్‌ఫెర్నో వేస్తుంది, మీ డెక్‌లోకి మూడు బర్న్‌లు (చేతిలో ఉంటే మీకే దెబ్బ తగిలించే కార్డులు) కలుపుతుంది, ఉన్న బర్న్‌లని కూడా పెంచుతుంది. దాన్ని దాటి సాగదీస్తే మీ డెక్ మిమ్మల్నే కాల్చేస్తుంది. 250ని తొమ్మిదితో భాగిస్తే టర్న్‌కి 28 దాకా కొట్టాలి. మొదట ఇచ్చిన పది కార్డులు బ్లాక్ మాటే ఎత్తకుండా, మంచి వరసలో పడినా టర్న్‌కి సగటున 22. ఆ ఆరు ఎక్కడ నుంచి తేవాలన్నదే మొదటి యాక్ట్ కార్డుల ఎంపిక అంతా.

స్లైమ్ బాస్‌కి 140. మొదటి టర్న్‌లో పనికిరాని స్లైమ్డ్ కార్డులు మూడు విసురుతుంది, రెండో టర్న్‌లో ఊపిరి బిగిస్తుంది, మూడో టర్న్‌లో 35తో మీద పడుతుంది. సగం హెచ్‌పీకి, అంటే 70కి దిగితే రెండుగా చీలుతుంది. చీలిన రెండింటికీ అప్పటికి దానికి ఎంత మిగిలిందో అంతే చెరొకటి వస్తుంది. 70 దగ్గర చీలిస్తే మీ ముందు 140 మళ్లీ నిలబడినట్టే. 40 దగ్గర చీలిస్తే మొత్తం 80. ఇక్కడ గమనించాల్సింది, 70 దాటగానే దాని ఉద్దేశం చీలడానికి మారిపోతుంది గానీ చీలేది మాత్రం దాని వంతు వచ్చాకే. ఆ టర్న్‌లో మీ చేతిలో మిగిలిన ప్రతి దెబ్బా దాన్ని ఇంకా కిందికి లాగొచ్చు. కాబట్టి 75 దగ్గర ఆపి ఉంచండి, కార్నేజ్‌లు, పోషన్లు చేతికొచ్చిన టర్న్‌లో కుమ్మేయండి. అది మూడో టర్న్ అయితే 35 దెబ్బ కూడా తప్పిపోతుంది.

గార్డియన్‌కి 240. దాని మీద 30 డ్యామేజ్ పడితే ముడుచుకుపోతుంది, తర్వాతిసారి 40, ఆపైన 50. మొదటి టర్న్‌లో 9 బ్లాక్ వేసుకుని రెండో టర్న్‌లో 32 కొట్టబోతుంది. ఆలోపు 30 దాటిస్తే ఆ దెబ్బ రద్దు. మొదటి టర్న్‌లో 17, రెండో టర్న్‌లో 27 కొట్టి 9 బ్లాక్ తీసేసినా 35 అవుతుంది, సరిపోతుంది. ముడుచుకున్నప్పుడు మాత్రం మీరు వేసే ప్రతి అటాక్ కార్డుకీ మీకు 3 గుచ్చుకుంటుంది. యాంగర్‌లు నింపుకున్న డెక్‌కి ఇది నరకం, కార్నేజ్‌కి లెక్కే కాదు.

రెండో యాక్ట్‌కి ఏం పట్టుకెళ్లాలి

ఇక్కడ దెబ్బలు ఒక్కసారిగా పెరుగుతాయి, శత్రువులు గుంపులుగా వస్తారు. మొదటి యాక్ట్‌ని గెలిపించిన అటాక్‌లే ఇంకా ఇంకా ఏరుకుంటూ పోతే సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటారు. బాస్ పడిపోయాక ఎంపిక తీరు మార్చాలి. అందరికీ తగిలే కార్డు కనీసం ఒకటి, బ్లాక్ ఇచ్చే మంచివి రెండు మూడు, యుద్ధం సాగేకొద్దీ పెరిగేది ఏదో ఒకటి కావాలి. బైర్డ్‌లు ఎగురుతున్నంతసేపు దెబ్బ సగమే తగులుతుంది, ఒకే టర్న్‌లో మూడు దెబ్బలు తగిలితే కింద పడతాయి. కార్నేజ్ అక్కడ వృథా, ఒకే కార్డుతో రెండుసార్లు కొట్టే ట్విన్ స్ట్రైక్‌కి పండగ. బుక్ ఆఫ్ స్టాబింగ్ పొడిచిన ప్రతిసారీ ఒక పోటు పెంచుకుంటుంది, దానితో సాగదీయకూడదు. బాస్‌ల్లో చాంప్‌కి 420 హెచ్‌పీ. సగానికి దిగగానే మీరు తగిలించినవన్నీ దులిపేసుకుని రెచ్చిపోతాడు, అందుకే సగానికి కాస్త పైన ఆపి, చెయ్యి నిండాక ఒక్కసారే దించాలి. స్లైమ్ బాస్ దగ్గర నేర్చుకున్న పాఠమే, పెద్ద ఒంటి మీద.

స్ట్రెంగ్త్ ఎవరికి కలిసొస్తుందో కూడా ఇక్కడే తేలుతుంది. ఇన్‌ఫ్లేమ్ 2 స్ట్రెంగ్త్ ఇస్తే స్ట్రైక్‌కి కలిసేది 2. రెండుసార్లు ఐదేసి కొట్టే ట్విన్ స్ట్రైక్‌కి 4, అంటే 14. వల్నరబుల్ మీద 7 ఒక్కొక్కటి 10.5 అయి 10కి దిగి 20.

నేర్చుకోవడానికి ఒక చిట్కా. యుద్ధం మధ్యలో సేవ్ చేసి బయటికొచ్చి మళ్లీ వెళ్తే ఆ యుద్ధం మొదటి నుంచి మొదలవుతుంది, ముక్కలు అదే వరసలో పడతాయి. గెలవడానికి వాడుకుంటే దొంగాటే. కానీ ఒకే నాబ్‌ని, అవే ముక్కలతో, ఒకసారి డిఫెండ్‌లు వేసి, ఒకసారి వేయకుండా ఆడి చూస్తే పైన చెప్పిన లెక్కంతా కళ్లకు కడుతుంది.

చివరగా బాస్ రెలిక్. మూడు చూపిస్తుంది, ఒకటే మీది. ఎనర్జీని 3 నుంచి 4కి పెంచేవి ఏదో ఒకటి అడ్డం పెడతాయి. కాఫీ డ్రిప్పర్ తీసుకుంటే ఇక మంట దగ్గర పడుకోవడం ఉండదు. ఫ్యూజన్ హ్యామర్ తీసుకుంటే అప్‌గ్రేడ్‌లు ఉండవు. సోజు తీసుకుంటే పోషన్లు దొరకవు. రూనిక్ డోమ్ తీసుకుంటే శత్రువు ఏం చేయబోతున్నాడో కనబడదు, శత్రువుల వరసలు కంఠతా వచ్చేదాకా దాని జోలికి పోవద్దు. యుద్ధానికి 6 హెచ్‌పీ వచ్చే ఐరన్‌క్లాడ్‌కి, బాష్ అప్పటికే అప్‌గ్రేడ్ అయి ఉన్నా సరే, హ్యామర్ కంటే కాఫీ డ్రిప్పర్‌కే నా ఓటు. రెండూ రాకుండా సోజు వచ్చి, గూళ్లలో మూడు పోషన్లు నిండుగా ఉంటే అదీ చెడ్డదేం కాదు, ఉన్న పోషన్లు వాడుకోవడానికి అది అడ్డురాదు.